గుక్కెడు నీళ్లు తాగేంత సేపు

టిఫిన్ డబ్బాలు కడగడం కూడా ఒక విద్యే. పైకి తళతళలాడుతుంటుంది గానీ, మూత అంచున రబ్బరు పట్టీ కింద నిన్నటి కూర మొన్నటి కూరతో గుట్టుగా కాపురం చేస్తుంటుంది. ఆ పట్టీని పుల్లతో పైకి లేపి, కింద బ్రష్షుతో తోమి, మళ్లీ దాని గాడిలో దాన్ని కూర్చోబెట్టాలి. ఆ ఇంట్లో నాలుగు డబ్బాలున్నాయి, వాటికి పట్టీలుంటాయని తెలిసిన మనిషి మాత్రం ఒక్కతే. టీచరమ్మ ఆ సాయంత్రం మూడో డబ్బా మీద ఉండగా భర్త వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన గుమ్మం దాటి లోపలికి రాడు. రావద్దని ఎవరూ అనలేదు, ఆయనకే ఎప్పుడూ ఆ అవసరం కలగలేదు.

"శనివారం అక్కావాళ్లు భోజనానికి వస్తామంటున్నారు. నీ యూనివర్సిటీ ఈ ఒక్క వారం మానేస్తే పోలా? ఏమంటావ్?"

ఆమె తల తిప్పింది. నోరు తెరిచింది. చేతికున్న నురుగు ఇంకా జారనేలేదు, "సరే అయితే, రమ్మని చెప్పేస్తున్నా" అంటూ ఆయన ఫోన్ తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు.

ఆయన అడగడని ఎవరూ నింద వేయలేరు. ప్రతిదీ అడుగుతాడు. ఈ ఇల్లు తీసుకునేటప్పుడు అడిగాడు, పిల్లని ఏ బడిలో వేద్దామని అడిగాడు, కర్టెన్లకి ఏ రంగు బాగుంటుందని కూడా అడిగాడు. అడిగినవాడు ఆగడు, అంతే. ప్రశ్న చివర ఆమె నోరు విప్పేలోగా జవాబు కూడా ఆయనే చెప్పేసి, ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నట్టు తృప్తిగా వెళ్లిపోతాడు. పెళ్లైన కొత్తలో ఒకసారి బంధువుల మధ్య ఆమె నవ్వుతూనే ఆ మాట పైకి అంది. ఆయనా నవ్వాడు. "మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మిగతా సగం అంగీకారం నేను కలుపుకుంటాను" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో చేపముల్లులా ఉంటుంది. మనిషి చెడ్డవాడా అంటే కాడు. కేకలేయడు, జీతం చేతికివ్వమనడు, తలనొప్పంటే మాత్ర తెచ్చిస్తాడు. చెడ్డవాడైతే పోట్లాడటానికి ఓ కొస దొరికేది. ఇలాంటి మంచివాళ్లతో కొస ఎక్కడుందో వెతుక్కోవడానికే సగం జీవితం పడుతుంది.

నాలుగో డబ్బా సింకులోనే వదిలేసి, చెయ్యి తుడుచుకుని, ఆమె ఫోన్ తీసింది. యూనివర్సిటీలో తమ బృందాన్ని నడిపే ప్రొఫెసరు మేడమ్‌కి "శనివారం రాలేను మేడమ్, క్షమించండి" అని కొట్టి పంపేసింది. పంపాక కూరగాయల బుట్ట పక్కన పీట మీద కూలబడింది. ఎందుకంటే ఆ శనివారం 'ఈ ఒక్క వారం' కాదు. అది ఆఖరి వారం. ఏడాది పొడుగునా పడిన పాటు మొత్తం ఆ రోజు సాయంత్రంలోగా అక్కడి నుంచే పంపాలి. పంపకపోతే వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వచ్చే ఏడు ఇంకో ఆడపడుచు, ఇంకో భోజనం ఉండవని ఎవరు హామీ ఇస్తారు?

ఆ పాటంతా ఒక సర్టిఫికెట్టు కోసం. దాని సంగతి ముందు బడిలో నోటీసు బోర్డు మీద చూసింది. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న టీచర్లకి, మరో మెట్టు పైన ఉన్న గుర్తింపు అది. పుస్తకం బట్టీ పట్టి రాసే పరీక్ష కాదు. మన క్లాసులో మనం పాఠం చెబుతుంటే కత్తిరింపులు లేకుండా వీడియో తీయాలి, పిల్లల పనులు చూపించాలి, ఏ పని ఎందుకు చేశామో మనమే విడమరిచి రాయాలి. ఒంటరిగా చేస్తే మధ్యలో చతికిలబడేవాళ్లే ఎక్కువట. అందుకని యూనివర్సిటీ వాళ్లు శనివారాలు తోడుగా కూర్చుని దారి చూపిస్తారు. ఇంట్లో ఈ మాట చెప్పిన రోజు భర్త, "ఉన్న ఉద్యోగం బాగానే ఉందిగా, మళ్లీ నెత్తికెత్తుకోవడం ఎందుకు? ఏమంటావ్? సరే, నీ ఇష్టం, ఇల్లు ఇబ్బంది పడకుండా చూసుకో" అన్నాడు. అత్తగారు టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అంది. ఇంట గెలవడమెలాగో నేర్పే బడి ఎక్కడుందో ఆవిడ చెప్పలేదు. ఆ పరీక్షకు సిలబస్ లేదు, ఫలితాలు కూడా ఎప్పటికీ రావు.

ఇక్కడో మాట చెప్పాలి. 'టీచరమ్మ' అన్నది అత్తగారు పెట్టిన పేరే. కాపురానికొచ్చిన మొదటి వారంలో, పాలు పొయ్యి మీద పొంగిపోయినప్పుడు, "మన టీచరమ్మకి పాఠాలొచ్చుగానీ పాలు రావు" అంది ఆవిడ. ఆ రోజు వెటకారం. తర్వాత్తర్వాత అది అలవాటై, పిల్ల పుట్టాక కాస్త ముద్దు కూడా కలిసి, ఇంటిపేరంత గట్టిపడిపోయింది. అందుకే యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు మొదటి శనివారం ఆమె చేతిలో కార్డు పెట్టినప్పుడు, దాని మీద తన పేరు చదువుకుని ఓ నిమిషం పరాయి మనిషిని చూసినట్టు చూసింది. ఎవరి భార్య, ఎవరి తల్లి అన్న గడులేవీ ఆ కార్డు మీద లేవు. ఆ రోజంతా దాన్ని పర్సులో పెట్టడం, తీసి చూడటం, మళ్లీ పెట్టడం.

శనివారాలు కూర్చునే ఆ గది యూనివర్సిటీలో రెండో అంతస్తులో ఉంటుంది. మధ్యలో గుండ్రటి బల్ల, కిటికీలోంచి సైకిళ్ల స్టాండు కనిపిస్తుంది. బల్ల చుట్టూ మేడమ్ కాక నలుగురు: చరిత్ర టీచరు, సంగీతం టీచరు, లెక్కల మేష్టారు, మన టీచరమ్మ. మొదటి రోజు టీ తెచ్చిన ఆయమ్మ అందరి ముందూ కప్పులు పెట్టి వెళ్లింది. తాగడం కాగానే టీచరమ్మ చేతులు వాటంతటవే లేచి కప్పులు పోగుచేయడం మొదలుపెట్టాయి. ఆయమ్మ వచ్చి, "కూర్చోండమ్మా. ఇది నా డ్యూటీ. మీరొచ్చింది దీనిక్కాదు" అంది, మామూలుగానే. టీచరమ్మ కూర్చుంది. తను కలపని టీ తాగి, తను కడగని కప్పు బల్ల మీద వదిలేసి, ఎదురుగా పుస్తకం తెరిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయంటే నవ్వుతారు గానీ, తిరిగాయి. ఇంత చిన్నదానికి ఇంత కృతజ్ఞత ఏమిటని ఆమెకే సిగ్గేసింది. ఆ తర్వాత ఆలోచిస్తే, సిగ్గుపడాల్సింది తను కాదనిపించింది.

తర్వాత ఆ గది ఆమెకు ఏమేం ఇచ్చిందో చెప్పుకుంటూ పోతే తెల్లవారుతుంది. కెమెరా, దాని స్టాండు అరువిచ్చారు. రాసింది చదివి, కొట్టివేయకుండా, పక్కన పెన్సిలుతో ప్రశ్నలు రాసి ఇచ్చారు. పిల్లకి జ్వరమొచ్చి ఒక వారం వెళ్లలేకపోతే, ఆ వారం మాట్లాడుకున్నదంతా చరిత్ర టీచరు ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పింది. "నీకు రుణపడ్డాను" అంటే, "పడితే పడ్డావులే, తీర్చకు, అలాగే ఉంచు" అని నవ్వింది. పుట్టింట్లో కూడా ఇంత ధారాళంగా ఎవరూ ఆమె పనిని పని అనుకోలేదు.

మొదటి వీడియో రోజు జరిగింది మాత్రం అందరూ జన్మంతా చెప్పుకునే ముచ్చట. కెమెరా తరగతిలో పెట్టి పాఠం చెప్పి రమ్మన్నారు మేడమ్. తలా ఒకటి పట్టుకొచ్చారు. చరిత్ర టీచరు వీడియోలో పిల్లలున్నారు, నల్లబల్ల ఉంది, టీచరు లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. సంగీతం టీచరు వీడియోలో హార్మోనియం మీద రెండు చేతులు కనిపించాయి, ఆ చేతుల మనిషి లేదు. టీచరమ్మ వీడియోలో మూడో తరగతి పిల్లలందరూ మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా చక్కగా పడ్డారు, ఆమె మాత్రం అప్పుడప్పుడూ చీరకొంగై అంచున మెరిసి మాయమైంది. ఆఖరున లెక్కల మేష్టారి వీడియో పెట్టారు. అందులో నల్లబల్ల ముందు మేష్టారు నిండుగా, నిలువెత్తున, ఉన్నారు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క పిల్లాడు కూడా లేడు. అందరికంటే ముందు మేష్టారే పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే ఆయన మీద అందరికీ గౌరవం పుట్టింది.

ఆడవాళ్లు ముగ్గురూ ముందుగా మాట్లాడుకుని చేసింది కాదు. వేర్వేరు బళ్లు, వేర్వేరు ఊళ్లు. అయినా ముగ్గురూ కెమెరా స్టాండు పట్టుకుని, తాము పడని చోటు చూసి మరీ నిలబెట్టారు. "నేను పడితే ఏం బాగుంటుందని" అంది సంగీతం టీచరు. టీచరమ్మకి అప్పుడు ఇంట్లో ఆల్బములు గుర్తొచ్చాయి. పిల్ల పుట్టినరోజులు, అత్తగారి షష్టిపూర్తి, విహారయాత్రలు. అన్నిటిలో అందరూ ఉంటారు, తను ఉండదు. ఫోటో తీసేది తనే, లేదా ఫోటో తీసే వేళకి వంటింట్లో ఉంటుంది. మేడమ్ ఎవర్నీ తప్పు పట్టలేదు. "పాఠం చెప్పింది మీరు. కనబడండి" అంది, అంతే.

రెండోసారి కెమెరాని తలుపు పక్కన మూలకి జరిపి, గచ్చు మీద సుద్దతో గుర్తు పెట్టుకుని, టీచరమ్మ కనబడింది. ఆ రోజు పాఠం నీడలు. ఆ వీడియోని గుండ్రటి బల్ల మీద చూసిన శనివారాన్ని ఆమె చచ్చిపోయేదాకా మరిచిపోదు. ఆ గదిలో ఒక నియమముంది. వీడియో చూసినవాళ్లు మెచ్చుకోకూడదు, సలహా ఇవ్వకూడదు. తలా ఒక ప్రశ్న అడగాలి. అడిగాక జవాబు వచ్చేదాకా నోరు మెదపకూడదు. "ప్రశ్న మీది, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఎదుటివాళ్లది. దాన్ని దోచుకోవద్దు" అంటుంది మేడమ్.

చరిత్ర టీచరు అడిగింది, "ప్రశ్న అడిగినప్పుడల్లా నీళ్లెందుకు తాగుతున్నారు?"

నిజమే. తెర మీద ఉన్న ఆ మనిషి పిల్లల్ని ఓ ప్రశ్న అడుగుతుంది, బల్ల మీది సీసా తీసి మూత తిప్పుతుంది, నింపాదిగా ఓ గుక్క తాగుతుంది, మూత పెడుతుంది. మళ్లీ ప్రశ్న, మళ్లీ సీసా. చూస్తుంటే తనకే నవ్వొచ్చింది. ఎప్పుడో ఓ ఏడాది గొంతు పూర్తిగా పాడైతే, మాటకీ మాటకీ మధ్య గుక్కెడు నీళ్లు తాగమన్నాడు డాక్టరు. గొంతు బాగైంది, అలవాటు మిగిలింది. అదే చెప్పింది. అప్పుడు మేడమ్ తన వంతు ప్రశ్న అడిగింది. "మీరు నీళ్లు తాగుతున్నప్పుడు పిల్లలేం చేస్తున్నారు?"

వీడియోని వెనక్కి తిప్పారు. 'పొద్దున పూట మన నీడ ఎందుకంత పొడుగ్గా ఉంటుంది?' అని తెర మీది టీచరమ్మ అడిగి సీసా ఎత్తింది. ముందు బెంచీ గడుగ్గాయిలు చేతులెత్తారు. ఆమె తాగుతూనే ఉంది. ఎత్తిన చేతులు కొన్ని దిగాయి, వాటి తాలూకు మొహాలు ఆలోచనలో పడ్డాయి. ఒకళ్లు పైకప్పు చూస్తున్నారు, ఒకళ్లు వేళ్లతో బెంచీ మీద ఏదో గీస్తున్నారు. కిటికీ పక్కన, ఏడాదంతా పెదవి విప్పనందుకు క్లాసంతా 'పిల్లిపిల్ల' అని పిలిచే అమ్మాయి ఉంది. ఆ పిల్ల తలెత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. సీసా మూత పడేవేళకి, ఆ పిల్ల గొంతు సన్నగా వినిపించింది. "పొద్దున సూర్యుడు పొట్టిగా ఉంటాడు టీచర్. ఆయన పొట్టిగా ఉంటే మన నీడ పొడుగైపోతుంది."

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మేడమ్ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. టీచరమ్మకి అలవాటు కొద్దీ గాభరా మొదలైంది. ఇప్పుడు ఎవరో ఒకరు తన బదులు చెప్పేస్తారు, 'అంటే ఈవిడ ఉద్దేశం ఏంటంటే' అని అందుకుంటారు అనుకుని బల్ల చుట్టూ చూసింది. ఎవరూ అందుకోలేదు. లెక్కల మేష్టారైతే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ కూర్చున్నారు. అందరూ ఆమెనే చూస్తున్నారు, తొందరపెట్టే చూపు కాదు, బస్సు వస్తుందని తెలిసినవాళ్లు రోడ్డు చూసినట్టు. కిటికీ కింద ఎవరో సైకిలు స్టాండు వేశారు. ఇంతమంది ఇంతసేపు తన మాట కోసం ఆగడం ఆమె ఎరగదు. మొదట భయమేసింది, తర్వాత ఆ భయం కరిగి, అక్కడ చోటు ఏర్పడింది. ఆ చోటులో ఆమె నిజంగానే ఆలోచించింది.

"ఆలోచించుకుంటున్నారు" అంది చివరికి. "నేను నోరు మూసుకోవడానికి నీళ్లు తాగుతున్నాను. తాగకపోతే జవాబు నేనే చెప్పేస్తాను. వాళ్లకి సందివ్వడానికి తాగుతున్నాను." నాకు ఎవరిచ్చారు ఈ సందు అని లోపల్నుంచి ఓ మాట తన్నుకొచ్చింది. ఆ వెంటనే, ఇదిగో వీళ్లిస్తున్నారు కదా, ఇప్పుడు, ఈ బల్ల దగ్గర, అని ఇంకో మాట దాని భుజమ్మీద చెయ్యేసింది. ఆ రోజు ఇంటికి బస్సులో వస్తూ, కిటికీ పక్కన కూర్చుని, ఆ నలుగుర్నీ తలుచుకుని మనసులోనే దండం పెట్టుకుంది. ఆమె నేర్చుకున్న కొత్త పాఠం కాదది. తన చేతిలోనే ఏళ్ల తరబడి ఉన్నదాన్ని వాళ్లు చూపించారు, అంతే. చూపించేవాళ్లుంటే చాలు అనిపించింది.

అలాంటి గదికి ఇప్పుడు 'రాలేను, క్షమించండి' అని పంపి కూరగాయల బుట్ట పక్కన కూర్చుంది. ఫోన్ చిన్నగా మోగింది. మేడమ్ జవాబు. అయ్యో అని లేదు, ఇలా ఎలా అని లేదు, ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని లేదు. రెండే మాటలు. "ఇది మీ జవాబేనా? ఆగుతాను."

టీచరమ్మ ఆ మాటల వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి నాలుగో డబ్బా పట్టీ తీసి తోమింది.

రాత్రి భోజనాల దగ్గర మామూలుగా ఆమె నిలబడి వడ్డిస్తుంది, అందరివీ సగమయ్యాక కూర్చుంటుంది. ఆ రోజు గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి, మూతలు తీసి, తనూ కుర్చీ లాక్కుంది. ఎదురుగా భర్త, పక్కన కూతురు, బల్ల చివర అత్తగారు. కూతురు ఆరో తరగతి, మూడో తరగతి తల్లి దగ్గరే చదువుకుంది. భర్త హుషారుగా ఉన్నాడు. అక్క చాలా సంతోషించిందట, బావకి కారం తగ్గించి వండాలట, పన్నెండింటికల్లా వచ్చేస్తారట.

"ఒక మాట అడగనా?" అంది టీచరమ్మ.

"అడుగు."

"శనివారం నేను యూనివర్సిటీకి వెళ్లాలి. అది ఆఖరి రోజు. ఆ రోజు పోతే ఏడాది పోయినట్టే. ఆ రోజు వంట ఎవరు చేస్తారు?"

అడిగి, మంచినీళ్ల గ్లాసు ఎత్తింది.

ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదటి గుక్క గొంతు దిగకముందే నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. 'పోనీలెండి, నేనే చీకటితో లేచి అన్నీ వండి, మూతలు పెట్టి వెళ్తాను, మీరు వేడి చేసుకుంటే చాలు.' ఎన్నిసార్లు అందీ మాట! ఈ బట్టలెవరు మడుస్తారు అని అడుగుతూ మడిచేసింది. గ్యాసు ఎవరు కట్టేస్తారు అని అడుగుతూ కట్టేసింది. ఆయన ఆగడని ఇన్నేళ్లూ లోలోపల కుమిలింది గానీ, ఈ ఇంట్లో అడిగి ఆగకపోవడంలో తనేం తక్కువ తినలేదు. క్లాసులో అన్ని సీసాల నీళ్లు తాగిన మనిషి, ఇంట్లో ఒక్కసారి గ్లాసు ముట్టుకోలేదు. ఆ జవాబుని నీళ్లతో పాటు మింగేసి, రెండో గుక్క తీసుకుంది.

"అదేంటి, ఇందాక సాయంత్రమేగా అనుకున్నాం" అన్నాడు భర్త. ఆమె తాగుతోంది. "అక్కకి చెప్పేశాను కూడా." తాగుతోంది. ఆయన కూతురి వంక చూశాడు, కూర వంక చూశాడు. "ఏంటిది, మాట్లాడవేం?"

"మాట్లాడాల్సింది నువ్వు నాన్నా" అంది కూతురు, అన్నం కలుపుకుంటూ. "అమ్మ ప్రశ్నేసి నీళ్లు తాగుతోందంటే ఆగుతోందని. క్లాసులో ఇంతే. గంట కొట్టినా ఆగుతుంది."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఏదో అనబోయి మానేశాడు.

"మౌనం అర్ధాంగీకారం అంటావు కదా నాన్నా" అంది పిల్ల, వెటకారమేమీ లేకుండా, నిజంగానే సందేహమొచ్చి. "ఇప్పుడు మౌనంగా ఉంది నువ్వు. అంటే ఒప్పుకున్నట్టేనా?"

జవాబు చెప్పింది ఆయన తల్లి. బల్ల చివర నుంచి, గిన్నెలోకి చూస్తూ, ఎవరితోనో కాదు అన్నట్టు, "నేను చెప్పొచ్చా?" అంది.

టీచరమ్మ గ్లాసు దించింది. ఆవిడ ఏదైనా చెప్పే ముందు అనుమతి అడగడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. 'ఇంట గెలిచి' అని మొదలుపెడుతుందేమో అనుకుంది కూడా. అయినా ఏమీ అనకుండా ఆగింది. ఆవిడ కోసం కూడా ఆగింది. అప్పుడు స్ఫురించింది, ఇన్నేళ్లలో అత్తయ్యని తను కూడా ఎప్పుడూ ఏదీ అడిగి ఆగలేదని.

"నాకు వంటంటే మొదటి నుంచీ ఇష్టం లేదు" అంది అత్తగారు.

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అదేంటమ్మా. మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎవరడిగారు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది. "మీ నాన్న అడిగేవాడు. ఏం వండుతావ్ అని అడిగేవాడు, వండుతావా అని కాదు. మీ అక్క పెళ్లయ్యేదాకా, నీ పెళ్లయ్యేదాకా వండాను. ఈ టీచరమ్మ వచ్చాక దీని నెత్తిన పెట్టి ఊపిరి పీల్చుకున్నాను. అది చేసిన పనికి వంకలు పెట్టాను కూడా. వంకలు పెట్టే మనిషిగా ఉండకపోతే మళ్లీ వండే మనిషినైపోతానని భయం." కాసేపు ఆగింది. ఎవరూ అందుకోలేదు. ఆ నిశ్శబ్దం ఆవిడకి నచ్చినట్టుంది, కుర్చీలో కాస్త వెనక్కి వాలింది. "వాళ్లని రానీ శనివారం. నువ్వూ మీ అక్కా కలిసి వండండి. చిన్నప్పుడు మట్టితో బాగానే వండేవాళ్లు. ఉప్పు తక్కువైతే ఏం పోదు. నాకు ఒక్కసారి కూర్చుని, ఎవరో వండింది, వేడివేడిగా, మొదటి పంక్తిలో తినాలని ఉంది."

కూతురు ఎడమచేత్తో నాయనమ్మ మోచెయ్యి పట్టుకుంది. టీచరమ్మకి ఆవిడ వంక చూడాలంటే చూపు ఆనలేదు, కళ్లు నిండిపోయాయి. 'పాలు రావు' అన్న మాటని ఇన్నేళ్లూ మోసింది. ఆ మాట వెనక ఇంత అలసట ఉందని, అది కూడా తన మాటలాగే నాలుక చివర ఎదురుచూస్తోందని ఎలా తెలుస్తుంది? గుండ్రటి బల్లకి ఇంకో నిండు కృతజ్ఞత బాకీ పడిందనుకుంది. తీర్చకూడని బాకీ, ఉంచుకోవాల్సింది.

భర్త ముద్ద కంచంలో పెట్టేశాడు. తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఓడిపోయినవాడిలా లేడు. పాఠం మధ్యలో క్లాసులోకి వచ్చి, ఏ పేజీయో తెలియక దిక్కులు చూసే పిల్లాడిలా ఉన్నాడు. అలాంటి పిల్లల్ని ఆమె చాలామందిని చూసింది. వాళ్లూ దారిలో పడతారు, కాస్త ఆలస్యంగా.

"మరి..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నువ్వేమంటావ్?"

ఎప్పటి ప్రశ్నే. ఆమె అలవాటు కొద్దీ దాని వెనక రావాల్సిన 'సరే అయితే' కోసం చూసింది. రాలేదు. ఆయన పెదవులు ఓసారి కదిలాయి, కూతురు "ష్" అంది, ఆగిపోయాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఆగాడు. ఎంత ఇబ్బందిగా ఉందో మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా ఆగాడు.

టీచరమ్మ తొందరపడలేదు. ఆ నిశ్శబ్దం తనది. దాన్ని అటు చివర నుంచి ఇటు చివర దాకా ఓసారి నడిచి చూసుకుంది.

"నేను శనివారం వెళ్తున్నాను" అంది. "వచ్చేసరికి డబ్బాలు కూడా కడిగి ఉంచండి. మూత పట్టీ కింద కూడా తోమాలి. ఎలాగో రేపు చూపిస్తాను."

ఫోన్ తీసి మేడమ్‌కి "కాదు మేడమ్, అది నా జవాబు కాదు. వస్తున్నాను" అని రాసింది. తర్వాత గ్లాసు ఎత్తి, అడుగున మిగిలిన నీళ్లన్నీ గటగటా తాగేసింది. ఈసారి నిజంగానే దాహమేసింది.